డ్రైవ్ కీప్యాడ్‌లో పీఎస్, ఈఆర్4, హోల్డ్ వస్తే లాగ్‌బుక్‌లో 'ట్రిప్' అని రాస్తున్నారు. అసలు ట్రిప్ ఏది?

#1 పీణ్య_ప్యానెల్

బెంగళూరు పీణ్య సెకండ్ ఫేజ్‌లో షీట్ మెటల్ షెడ్. రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఒక కన్వేయర్. మూడింటికీ మిత్సుబిషి ఎఫ్‌ఆర్-డీ740, 3.7 కిలోవాట్ డ్రైవ్‌లే (మోటారు స్పీడు మార్చే పెట్టెలు). స్టార్ట్ కోసం ప్యానెల్ తలుపు మీది సెలెక్టర్ స్విచ్ నుంచి డ్రైవ్‌లోని ఎస్‌టీఎఫ్ అనే స్టార్ట్ టెర్మినల్‌కి వైర్ వెళ్తుంది. స్పీడ్‌కి 1 కిలో ఓమ్ పాట్ (తిప్పే నాబ్).

ఇబ్బందులు మూడు. కన్వేయర్ మధ్యలో ఆగిపోయి డిస్‌ప్లే మీద పీఎస్ వస్తుంది, సెలెక్టర్ ఆన్‌లోనే ఉన్నా కదలదు. యాక్సిలరేషన్ టైమ్ మార్చబోతే ఈఆర్4, ఒక్కోసారి ఈఆర్2. రెండో ఫ్యాన్ డ్రైవ్‌లో మాత్రం ఏ బటన్ నొక్కినా హోల్డ్.

ఆపరేటర్లలో ఎక్కువమంది అనంతపురం, మదనపల్లె వైపు వాళ్లు. ఏ అక్షరం కనిపించినా ట్రిప్ అనే రాస్తారు. దాంతో నెల చివర లాగ్‌బుక్ చూస్తే నిజంగా ట్రిప్ అయినవి ఎన్నో తెలియడం లేదు. వాళ్లకి అర్థమయ్యేలా మెసేజ్ తెలుగులో పెట్టుకునే దారి ఉందా?

#2 డ్రైవ్‌డాక్టర్

మీరు చెప్పిన మూడిట్లో ఒక్కటి కూడా ట్రిప్ కాదు.

డీ700 సిరీస్ (మీ డీ740 ఇందులోదే) కీప్యాడ్ చూపించేవి నాలుగు రకాలు. ఈ తేడా తెలిస్తే సగం లాగ్‌బుక్ దానంతటదే సర్దుకుంటుంది.

మొదటి రకం, మనం కీప్యాడ్ మీద చేసిన పనిని డ్రైవ్ ఒప్పుకోకపోవడం. హోల్డ్, ఎల్‌ఓసీడీ, ఈఆర్1 నుంచి ఈఆర్4 వరకు, ఈఆర్ఆర్. "ఇప్పుడు ఈ పని కుదరదు" అని చెప్పడమే వీటి పని. మోటారు తిరుగుతుంటే తిరుగుతూనే ఉంటుంది.

రెండోది హెచ్చరిక. పెద్ద ఓ తో ఓఎల్, చిన్న ఓ తో ఓఎల్, ఆర్‌బీ, టీహెచ్, పీఎస్, ఎంటీ, యూవీ, ఎస్‌ఏ. డ్రైవ్ ఇంకా ట్రిప్ కాలేదు గానీ కారణం వెతకకపోతే వీటిలో కొన్ని ట్రిప్ దాకా వెళ్తాయి.

మూడోది ఎఫ్‌ఎన్ ఒక్కటే. కూలింగ్ ఫ్యాన్ ఉన్న మోడళ్లలో ఆ ఫ్యాన్ సరిగా తిరగనప్పుడు వస్తుంది.

నాలుగోది అసలు ట్రిప్. దీనికి ముందు ఇంగ్లీష్ అక్షరం 'ఈ', పక్కన చుక్క తప్పకుండా ఉంటాయి: ఈ.ఓసీ1 (కరెంటు ఎక్కువ), ఈ.ఓవీ3 (వోల్టేజీ ఎక్కువ), ఈ.టీహెచ్‌ఎం (మోటారు వేడి) ఇలా. అవుట్‌పుట్ ఆగిపోతుంది, ట్రిప్‌ని బయటికి తెలిపే ఏబీసీ రిలే మారుతుంది, హిస్టరీలో నమోదవుతుంది.

కాబట్టి లాగ్‌బుక్‌లో ఒకే ఒక్క రూల్ పెట్టండి: 'ఈ' పక్కన చుక్క ఉంటేనే ట్రిప్ అని రాయాలి.

#3 నైట్‌షిఫ్ట్_నాగు

పీఎస్ వస్తే మా వాళ్లు మెయిన్ ఎంసీబీ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు. పోతుంది కదా, తప్పేముంది?

#4 లడ్డర్_లక్ష్మి

పోతుంది, కానీ అందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, సెలెక్టర్ ఆన్‌లోనే ఉంటే సప్లై రాగానే కన్వేయర్ కదులుతుంది. అప్పుడు బెల్ట్ దగ్గర ఎవరి చెయ్యి ఉందో ప్యానెల్ దగ్గరున్నవాడికి కనపడదు. రెండు, ఇన్‌పుట్ సప్లైని మాటిమాటికీ కొడితే కెపాసిటర్లకి ప్రతిసారీ ఇన్‌రష్ కరెంటు (ఒక్కసారిగా దూకే కరెంటు) పడుతుంది. ఎంసీబీతో గానీ కాంటాక్టర్‌తో గానీ డ్రైవ్‌ని రోజూ స్టార్ట్-స్టాప్ చేయకూడదు అనేది అందుకే.

పీఎస్ తీసే పద్ధతి ఇది. ఎక్స్‌టర్నల్ స్టార్ట్‌తో నడుస్తుండగా కీప్యాడ్ మీది స్టాప్/రీసెట్ ఎవరో నొక్కారు, అందుకే పీఎస్. మోటారు పూర్తిగా ఆగనివ్వండి. సెలెక్టర్ ఆఫ్ చేయండి. తర్వాత పీయూ/ఈఎక్స్‌టీ బటన్ (పీయూ అంటే కీప్యాడ్ నుంచి నడపడం, ఈఎక్స్‌టీ అంటే బయటి స్విచ్ నుంచి). పీఆర్.79 (79వ పారామీటర్, నడిపే మోడ్)లో 0 గానీ 6 గానీ ఉంటే మూడుసార్లు నొక్కాలి, 2, 3, 7 ఉంటే ఒక్కసారి చాలు. ఈఎక్స్‌టీ లైటు వెలిగిందని చూసుకున్నాకే సెలెక్టర్ ఆన్.

సెలెక్టర్ ఆఫ్ చేయకుండా బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉపయోగం లేదు. చాలామంది ఆగిపోయేది అక్కడే.

#5 పీణ్య_ప్యానెల్

లక్ష్మి గారూ, ఇప్పుడే చేసి చూశాం. మూడుసార్లకి పోయింది. 79లో 0 ఉంది.

మరి ఆ స్టాప్ బటన్ ఎవరూ నొక్కకుండా చేయొచ్చా?

#6 లడ్డర్_లక్ష్మి

చేయొచ్చు. పీఆర్.75 ఫ్యాక్టరీ విలువ 14. అంటే ఏ మోడ్‌లో ఉన్నా స్టాప్ బటన్ మోటారుని ఆపుతుంది. అందులో 0 పెడితే పీయూ మోడ్‌లో నడుస్తున్నప్పుడే ఆపుతుంది. మీ కన్వేయర్ ఎక్స్‌టర్నల్‌లో నడుస్తుంది కాబట్టి ఇక పీఎస్ రాదు. ట్రిప్ అయినప్పుడు రీసెట్‌గా మాత్రం అదే బటన్ పనిచేస్తుంది.

#7 అంబత్తూర్_ఆటోమేషన్

దీనికి నేను ఒప్పుకోను. చేతికి అందిన బటన్‌తో ఆపడం ఆపరేటర్‌కి అలవాటైపోయి ఉంటుంది. 75లో 0 పెట్టి ఊరుకుంటే ఏదో ఒక రోజు కంగారులో అదే నొక్కుతాడు, బెల్ట్ ఆగదు. ముందు బెల్ట్ పక్కన ఎమర్జెన్సీకి పుల్‌కార్డ్ గానీ మష్రూమ్ బటన్ గానీ ఉందా అన్నది చూడాలి. అది లేకుండా 75 ముట్టుకోకండి.

#8 డ్రైవ్‌డాక్టర్

అంబత్తూర్ అన్న మాట సరైనది. ఇంకో సంగతి: కీప్యాడ్ స్టాప్‌ని ఎమర్జెన్సీ స్టాప్ అనుకోకూడదు. అది పీఆర్.8లో ఉన్న టైమ్ ప్రకారం మెల్లగా ఆపుతుంది. 75 మార్చినా మార్చకపోయినా ఎమర్జెన్సీకి వేరే వైరింగ్ ఉండాల్సిందే.

#9 పీణ్య_ప్యానెల్

మష్రూమ్ బటన్ రెండు చివర్లా ఉంది, కాంటాక్టర్ కాయిల్‌లో సిరీస్‌గా. కీప్యాడ్ ప్యానెల్ లోపల ఉంటుంది, తలుపు తాళం లేకుండా వదిలేస్తున్నారు.

#10 అంబత్తూర్_ఆటోమేషన్

అయితే తాళం వేయించండి, 75 జోలికి వెళ్లకండి. అసలు మందు అదే.

#11 జిగణి_జనార్దన్

ఈఆర్4, ఈఆర్2 సంగతి నేను చెప్తాను.

ఈఆర్4 అంటే మోడ్ తప్పు. ఎక్స్‌టర్నల్‌లో ఉండగా పారామీటర్ రాయబోయారు. ఈఆర్2 అంటే రన్ కమాండ్ ఉండగా రాయబోయారు. "మోటారు ఆగే ఉంది కదా" అంటారు చాలామంది. సెలెక్టర్ ఆన్‌లో ఉండి పాట్ సున్నా దగ్గర ఉంటే మోటారు తిరగదు, కానీ డ్రైవ్ లెక్కలో అది రన్నే. రన్ లైటు టకటకా వేగంగా మిణుకుతుంటే స్టార్ట్ ఉంది, స్పీడ్ రాలేదు అని అర్థం. ఈఆర్1 అయితే పీఆర్.77లో 1 పెట్టి రాత ఆపేశారేమో మొదట చూడండి.

మార్చే వరుస:

సెలెక్టర్ ఆఫ్. పీయూ/ఈఎక్స్‌టీ ఒకసారి నొక్కితే పీయూ లైటు వెలుగుతుంది. మోడ్ నొక్కితే పారామీటర్ నంబర్ వస్తుంది. డయల్ తిప్పి 7 దగ్గరికి రండి, సెట్ నొక్కండి, 5.0 కనిపిస్తుంది. డయల్‌తో 10.0 చేసి మళ్లీ సెట్. విలువ, నంబర్ ఒకదాని తర్వాత ఒకటి మిణికితే ఎక్కినట్టు. మిణకకపోతే ఎక్కలేదు. మోడ్ రెండుసార్లు నొక్కితే మళ్లీ హెర్ట్జ్ కనిపిస్తుంది.

చివరి అడుగే అందరూ మరిచిపోయేది: పీయూ/ఈఎక్స్‌టీ నొక్కి ఈఎక్స్‌టీ లైటు తెప్పించాలి. అది చేయకుండా వెళ్లిపోతే తర్వాతి షిఫ్ట్‌లో సెలెక్టర్ తిప్పితే ఏమీ జరగదు. డిస్‌ప్లేలో 0.00 తప్ప ఏ మెసేజూ ఉండదు. ఫ్యూజు దగ్గర్నుంచి మోటారు కేబుల్ దాకా అన్నీ విప్పుతారు.

#12 స్పానర్_శీను

77లో 2 పెట్టేస్తే ఏ మోడ్‌లో అయినా, నడుస్తున్నా రాసుకోవచ్చు కదా. ఈ తంటా ఎందుకు?

#13 జిగణి_జనార్దన్

రాసుకోవచ్చు, కానీ అన్నీ కాదు. 79 లాంటివి నడుస్తుండగా 2 పెట్టినా మారవు. మరో మాట, నడుస్తున్న మోటారుకి డయల్ పొరపాటున ఒక గీత ఎక్కువ తిరిగి బేస్ ఫ్రీక్వెన్సీ మారిపోతే? ట్రయల్ రోజున 2 పెట్టుకోండి, ప్యానెల్ అప్పజెప్పే రోజున 0కి తెచ్చేయండి.

#14 స్పానర్_శీను

నా డ్రైవ్‌లో 77 కనిపించడమే లేదు. 9 తర్వాత 79కి దూకుతోంది.

#15 జిగణి_జనార్దన్

పీఆర్.160 చూడండి, 9999 ఉంటుంది. అలా ఉంటే 0 నుంచి 9 వరకు, 79, 125, 126, 160 లాంటి సింపుల్ మోడ్ పారామీటర్లే చూపిస్తుంది. 160లో 0 పెడితే అన్నీ కనపడతాయి.

#16 కెపాసిటర్_కిట్టు

హోల్డ్ సంగతి ఎవరూ చెప్పలేదు. అది కీ లాక్. పీఆర్.161లో 10 గానీ 11 గానీ ఉండి, ఎవరో మోడ్ బటన్‌ని రెండు సెకన్లు నొక్కి పట్టుకున్నారు. మళ్లీ రెండు సెకన్లు పట్టుకుంటే వదులుతుంది. లాక్‌లో ఉన్నా స్టాప్/రీసెట్ పనిచేస్తుంది.

లాక్ అక్కర్లేదనుకుంటే 161లో 0. ఫ్యాన్ డ్రైవ్‌కి ఉంచుకోవడమే మంచిది, తాళం లేని తలుపు అన్నారు కదా.

హోల్డ్ అని చదివి డయల్‌ని అలాగే గట్టిగా పట్టుకుని నిలబడేవాళ్లు ఉంటారు. తప్పు వాళ్లది కాదు, ఆ మాట అలాంటిది.

#17 నైట్‌షిఫ్ట్_నాగు

ఎల్‌ఓసీడీ కూడా అలాంటిదేనా?

#18 కెపాసిటర్_కిట్టు

కాదు, అది పాస్‌వర్డ్. పీఆర్.296, 297తో వేస్తారు. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు లేకపోతే ఆల్ పారామీటర్ క్లియర్ ఒక్కటే దారి, దాంతో మిగతా సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ విలువకి వెళ్లిపోతాయి. కాబట్టి ప్యానెల్ చేయించుకున్నప్పుడే పాస్‌వర్డ్, పారామీటర్ల పట్టిక రెండూ కాగితం మీద తీసుకోండి. ఆ కాగితం ప్యానెల్ తలుపు లోపలి జేబులో ఉండాలి, ఎవరి ఫోన్‌లోనో కాదు.

#19 లడ్డర్_లక్ష్మి

రెండో పోస్టులో పెద్ద ఓ, చిన్న ఓ అన్నారు కదా, దాని మీద కాస్త. ఏడు గీతల డిస్‌ప్లేలో పెద్ద ఓ, సున్నా ఒకేలా ఉంటాయి. 5, ఎస్ కూడా అంతే. ఈ.ఓసీ1ని ఈ.001 అని రాసేవాళ్లున్నారు. అందుకే రాయొద్దు, ఫోటో తీయమనండి.

పెద్ద ఓ తో ఓఎల్ వస్తే కరెంటు ఎక్కువై డ్రైవ్ తనే స్పీడ్ తగ్గిస్తోంది. అంటే లోడ్ ఎక్కువ, లేదా యాక్సిలరేషన్ టైమ్ తక్కువ, లేదా టార్క్ బూస్ట్ (తక్కువ స్పీడులో అదనంగా ఇచ్చే వోల్టేజీ) ఎక్కువ. అలా తగ్గి తగ్గి దాదాపు ఆగిపోయి మూడు సెకన్లు ఉంటే ఈ.ఓఎల్‌టీ ట్రిప్. చిన్న ఓ, అంటే డిస్‌ప్లే కింది సగంలోనే ఉండే గుండ్రం, అది వోల్టేజీ ఎక్కువైందని. మోటారు ఆగేటప్పుడు వెనక్కి పంపే శక్తితో డీసీ బస్ (డ్రైవ్ లోపలి డీసీ వోల్టేజీ) పెరుగుతోంది. అక్షరం పరిమాణం తప్ప తేడా లేదు, కారణాలు మాత్రం పూర్తిగా వేరు.

#20 రాజాజీనగర్_రిలే

డ్రైవ్‌డాక్టర్ గారూ, హెచ్చరికల్లో డ్రైవ్ ట్రిప్ కాదన్నారు. నిజమే. కానీ యూవీ, ఎస్‌ఏ వస్తే మోటారు ఆగిపోతుంది. అది కూడా చెప్పాలి, లేదంటే "'ఈ', చుక్క లేవు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు" అనుకుంటారు.

400 వోల్ట్ క్లాస్‌లో సప్లై సుమారు 230 కిందికి పడితే యూవీ, అవుట్‌పుట్ కట్. వోల్టేజీ తిరిగొస్తే అదే పోతుంది. ఎస్‌ఏ వచ్చిందంటే సేఫ్టీ స్టాప్. ఎస్1, ఎస్2, ఎస్‌సీ టెర్మినళ్ల మధ్య ఫ్యాక్టరీ నుంచి షార్టింగ్ వైర్లు వస్తాయి. వైరింగ్ చేసేటప్పుడు "ఇవేంటి అడ్డంగా" అని పీకేస్తే డ్రైవ్ నడవదు. సేఫ్టీ రిలే వాడకపోతే ఆ వైర్లు అలాగే ఉండాలి.

#21 డ్రైవ్‌డాక్టర్

రిలే గారు సరిదిద్దింది కరెక్టు. పీఎస్‌లో కూడా మోటారు ఆగే ఉంటుంది కదా. నా మాట ఇలా మార్చుకోండి: 'ఈ' పక్కన చుక్క ఉంటే ట్రిప్, అది లేకుండా మోటారు ఆగితే "హెచ్చరికతో ఆగింది" అని వేరే గడిలో రాయాలి.

#22 పీణ్య_ప్యానెల్

మూడు డ్రైవ్‌లలోనూ హిస్టరీ తీశాను. మోడ్ నొక్కుతూ పోతే 'ఈ', పక్కన గీతలు వచ్చాయి, అక్కడ డయల్ తిప్పితే పాతవి కనిపించాయి. ఫ్యాన్లలో ఈ.ఓవీ3 ఆరేడు చొప్పున ఉన్నాయి. కన్వేయర్‌లో ఈ.టీహెచ్‌ఎం మూడు, ఈ.ఓసీ1 ఒకటి.

#23 జిగణి_జనార్దన్

ఎనిమిదే నిలవుంటాయి, పాతవి జారిపోతాయి. కాబట్టి ఇది మొత్తం లెక్క అనుకోకండి.

పీఆర్.0 దగ్గర డయల్ ఎడమకి తిప్పితే పీఆర్.సీహెచ్ వస్తుంది. సెట్ నొక్కితే ఫ్యాక్టరీ విలువ నుంచి మార్చినవి మాత్రమే వరసగా చూపిస్తుంది. అది ఇక్కడ పెట్టండి. జాగ్రత్త, దాని పక్కనే పీఆర్.సీఎల్, ఏఎల్ఎల్‌సీ ఉంటాయి. వాటిలో 1 పెట్టి సెట్ కొట్టారంటే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

#24 పీణ్య_ప్యానెల్

కన్వేయర్: పీఆర్.1లో 50, పీఆర్.0లో 9. అంతే. పీఆర్.9 మార్చలేదు. పీఆర్.3 విడిగా చూశాను, 60 ఉంది. మోటారు నేమ్‌ప్లేట్: 3.7 కిలోవాట్, 415 వోల్ట్, 50 హెర్ట్జ్, 7.4 ఆంప్స్.

ఫ్యాన్లు: పీఆర్.1లో 50. రెండో ఫ్యాన్‌లో కీ లాక్ 161 తప్ప ఇంకేమీ మార్చలేదు. అక్కడా 3లో 60.

#25 డ్రైవ్‌డాక్టర్

ఇప్పుడు మీ ట్రిప్‌లకి కారణాలు కనిపిస్తున్నాయి.

పీఆర్.3 బేస్ ఫ్రీక్వెన్సీ. మన మోటారు 50 హెర్ట్జ్‌కి 415 వోల్టులు కోరుతుంది. 60 ఉంటే డ్రైవ్ 415 వోల్టులు ఇచ్చేది 60 దగ్గర. 50 దగ్గర ఇచ్చేది 415 ఇంటూ 50 బై 60, అంటే సుమారు 346 వోల్టులే. టార్క్ తగ్గుతుంది, అదే లోడ్ లాగడానికి కరెంటు ఎక్కువ తీసుకుంటుంది, మోటారు వేడెక్కుతుంది. కన్వేయర్ లాగడం లేదని ఎవరో పీఆర్.0, అంటే టార్క్ బూస్ట్, 9 దాకా పెంచారు. 3.7 కిలోవాట్‌కి ఫ్యాక్టరీ విలువ 4. బూస్ట్ ఎక్కువైతే తక్కువ స్పీడులో కరెంటు ఎగురుతుంది, ఈ.ఓసీ1 వచ్చింది అందుకే అయ్యుండాలి. ముందు 3లో 50 పెట్టండి, తర్వాత 0ని 4కి తెచ్చి లోడ్‌తో స్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ లాగకపోతే ఒక్కొక్క అంకె పెంచుకోవాలి.

పీఆర్.9లో నేమ్‌ప్లేట్ కరెంటు 7.4 రాయండి. ఫ్యాక్టరీలో డ్రైవ్ రేటెడ్ కరెంటు ఉంటుంది, అది మీ మోటారుది కాదు. ఎలక్ట్రానిక్ థర్మల్ లెక్క మొత్తం ఈ అంకె మీదే. 85 శాతం చేరితే టీహెచ్ హెచ్చరిక, నిండితే ఈ.టీహెచ్‌ఎం.

టీహెచ్‌ఎం వస్తే సప్లై ఆఫ్ చేసి వెంటనే ఆన్ చేయకండి. ఆ లెక్క సున్నాకి వెళ్లిపోతుంది, కానీ మోటారు చల్లబడలేదు. మూడుసార్లు అలా చేస్తే మూడుసార్లూ డ్రైవ్ "చల్లగా ఉంది" అనుకుని నడిపిస్తుంది, వైండింగ్ కాలుతుంది. బాడీ మీద చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆగాల్సిందే. టీహెచ్‌టీ వేరు, అది డ్రైవ్ లోపలి ట్రాన్సిస్టర్ల రక్షణ. ఈ రెండింటినీ కలిపి రాయొద్దు.

#26 రాజాజీనగర్_రిలే

ఫ్యాన్ల ఓవీ3కి పీఆర్.8. ఫ్యాక్టరీలో 5 సెకన్లు. బరువైన ఇంపెల్లర్ 5 సెకన్లలో ఆగదు, ఆపబోతే మోటారు జనరేటర్ అయి డీసీ బస్‌ని ఎత్తేస్తుంది. 30 పెట్టండి. ఇంకా చిన్న ఓ తో ఓఎల్ మిణుకుతుంటే 40. పీఆర్.882లో 1 పెట్టినా డ్రైవ్ తనే వోల్టేజీ చూసి ఆగే టైమ్ సాగదీస్తుంది, కానీ ముందు 8 సరిచేయడమే పద్ధతి.

#27 స్పానర్_శీను

యాస్కావా వీ1000 డ్రైవ్‌లో ఓపీఈ అని వస్తుంది, అదీ ట్రిప్పేనా?

#28 రాజాజీనగర్_రిలే

అక్కడ అది పారామీటర్ల మధ్య పొసగకపోవడం. ఓపీఈ02 అయితే విలువ హద్దు దాటింది, ఓపీఈ03 అయితే డిజిటల్ ఇన్‌పుట్ల సెట్టింగ్‌లో తప్పు, ఒకే పని రెండు టెర్మినళ్లకి ఇవ్వడం లాంటిది. సరిచేసేదాకా రన్ ఒప్పుకోదు.

#29 అంబత్తూర్_ఆటోమేషన్

అసలు అడిగిన తెలుగు సంగతికి వద్దాం. ఏడు గీతల డిస్‌ప్లేలో తెలుగు కుదరదు. బయట పెట్టే ఎఫ్‌ఆర్-పీయూ07 ఎల్‌సీడీ యూనిట్‌లో పీఆర్.145తో భాష మారుతుంది. జపనీస్, ఇంగ్లీష్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్, స్వీడిష్, ఫిన్నిష్, ఇవే. మన భాష ఒక్కటీ లేదు.

కాబట్టి మెసేజ్ బయట తయారు చేసుకోవాలి. చవకగా అయితే సీమెన్స్ లోగో 8 అనే చిన్న కంట్రోలర్. మూడు డ్రైవ్‌ల ఏబీసీ రిలేలని మూడు ఇన్‌పుట్లకి తెచ్చి మెసేజ్ టెక్స్ట్ బ్లాక్ వాడండి. 50 మెసేజ్‌ల దాకా పెట్టొచ్చు. డిస్‌ప్లే ఆరు వరసలు, వరసకి 16 అక్షరాలు.

వైరింగ్‌లో ఒక కిటుకు. పీఆర్.192 ఫ్యాక్టరీ విలువ 99, ట్రిప్ అయితే ఏ-సీ కలుస్తుంది. డ్రైవ్‌కి సప్లైయే పోతే రిలే కదలదు, లోగోకి ఏమీ తెలియదు. అందుకే 199 పెట్టండి. బాగున్నప్పుడు ఏ-సీ కలిసి ఉంటుంది, ట్రిప్ అయినా, సప్లై పోయినా, వైరు ఊడినా విడిపోతుంది. లోగోలో ఇన్‌పుట్‌ని తిరగేసి, మూడు సెకన్ల ఆన్-డిలే ఇచ్చి, తర్వాత మెసేజ్ బ్లాక్‌కి కలపండి. డిలే లేకపోతే ఉదయం పవర్ ఇచ్చిన ప్రతిసారీ ఉత్తుత్తి మెసేజ్ వస్తుంది. ఆ రిలే కాంటాక్ట్ 30 వోల్ట్ డీసీలో 0.3 ఆంపే, దాంతో నేరుగా హూటర్ తిప్పకండి.

మెసేజ్‌కి ప్రయారిటీ అంకె ఇవ్వాలి, పెద్ద అంకెదే పైచేయి. ఎక్‌నాలెడ్జ్ ఆన్ చేస్తే ట్రిప్ పోయినా, ఎవరో ఓకే నొక్కేదాకా మెసేజ్ నిలిచి ఉంటుంది. రాత్రి వచ్చి పోయినవి పొద్దున దొరుకుతాయి. ఎం30 మార్కర్ ఆన్ చేస్తే డిస్‌ప్లే ఎర్రగా మారుతుంది, చదవలేనివాళ్లకి రంగే మెసేజ్.

#30 పీణ్య_ప్యానెల్

లోగోలో తెలుగు అక్షరాలు ఎక్కుతాయా?

#31 అంబత్తూర్_ఆటోమేషన్

ఎక్కవు. దాని అక్షరాల పట్టికల్లో యూరప్ లిపులు, చైనీస్, జపనీస్ ఉన్నాయి, మనవి లేవు. ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసుకోవచ్చు, పదహారు అక్షరాల్లో ఇమడాలి. "ఫ్యాన్ 2 ఆగింది", కింది వరసలో "కిట్టుని పిలువు", ఈ మాత్రం చాలు.

#32 కెపాసిటర్_కిట్టు

నన్నే పిలవాలా? సరే, వస్తాను.

#33 లడ్డర్_లక్ష్మి

లోగోకి ట్రిప్ అయిందని తెలుస్తుంది గానీ ఏ ట్రిప్ అన్నది తెలియదు. కోడ్ కావాలంటే డ్రైవ్‌ని మోడ్‌బస్ అనే కమ్యూనికేషన్ లైన్‌లో చదవాలి. దానికి మోడ్‌బస్ ఆర్‌టీయూ మాస్టర్ అయిన పీఎల్‌సీ గానీ టచ్ ప్యానెల్ గానీ ఉండాలి.

పీఆర్.549లో 1, 117లో స్టేషన్ నంబర్, 118లో 192 అంటే 19200 బాడ్, 120లో 2 అంటే ఈవెన్ పారిటీ. ఇవి మార్చాక డ్రైవ్‌ని ఒకసారి రీసెట్ చేస్తేనే అమల్లోకి వస్తాయి. రిజిస్టర్ 40501 నుంచి 40508 వరకు ట్రిప్ హిస్టరీ, మొదటిది తాజాది. కింది బైట్ చదవాలి: 16 ఓసీ1, 17 ఓసీ2, 18 ఓసీ3, 32 ఓవీ1, 33 ఓవీ2, 34 ఓవీ3, 48 టీహెచ్‌టీ, 49 టీహెచ్‌ఎం. 40501లో పొరపాటున ఏదైనా రాస్తే హిస్టరీ మొత్తం చెరిగిపోతుంది, చదవడం మాత్రమే పెట్టుకోండి.

పీయూ కనెక్టర్ చూడటానికి లాన్ పోర్టులా ఉంటుంది. కంప్యూటర్ లాన్ కేబుల్ అందులో గుచ్చకండి, పాడవుతుంది. రెండు వైర్ల ఆర్‌ఎస్-485కి 3, 5 పిన్నులు కలిపి ఒక వైరు, 4, 6 కలిపి రెండో వైరు.

టచ్ ప్యానెల్‌లో తెలుగు కావాలంటే అక్షరాలుగా కొట్టకండి, ఒత్తులు విడిపోయి కనిపించే ప్యానెళ్లు చాలా ఉన్నాయి. వాక్యాన్ని కంప్యూటర్‌లో బొమ్మగా తయారు చేసి, కోడ్ 49 వస్తే ఆ బొమ్మ చూపించు అని పెట్టండి. అక్షరం చెదరదు.

#34 రాజాజీనగర్_రిలే

మూడు డ్రైవ్‌లకి టచ్ ప్యానెల్ ఎక్కువ. లామినేట్ చేసిన కాగితం ముందు పెట్టండి. కోడ్ కనిపించినట్టే గీతలతో పెద్దగా గీయాలి, పక్కన ఏం చేయాలో తెలుగులో. ఎందుకు వచ్చిందో ఆపరేటర్‌కి అక్కర్లేదు, తర్వాత చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చాలు. నేనైతే ఇలా రాస్తాను:

పీఎస్: ట్రిప్ కాదు. స్విచ్ ఆఫ్ చేయండి. పీయూ/ఈఎక్స్‌టీ బటన్ మూడుసార్లు నొక్కండి. ఈఎక్స్‌టీ లైటు వెలిగాక, బెల్ట్ దగ్గర ఎవరూ లేరని చూసి ఆన్ చేయండి.

హోల్డ్: తాళం వేసి ఉంది. ముట్టుకోవద్దు.

కన్వేయర్‌లో పెద్ద ఓ తో ఓఎల్ మిణుకుతుంటే: బెల్ట్ మీద బరువు తగ్గించండి.

ఈ.టీహెచ్‌ఎం: మోటారు వేడెక్కింది. మెయిన్ ఆఫ్-ఆన్ చేయవద్దు. మెయింటెనెన్స్‌ని పిలవండి.

'ఈ', చుక్కతో ఇంకేది వచ్చినా: స్విచ్ ఆఫ్. ఫోటో తీయండి. రీసెట్ నొక్కవద్దు.

#35 నైట్‌షిఫ్ట్_నాగు

చివరిది ఎందుకు? రీసెట్ ఆపరేటర్ నొక్కితే ఏమవుతుంది?

#36 డ్రైవ్‌డాక్టర్

స్విచ్ ఆన్‌లో ఉండగా రీసెట్ నొక్కితే ట్రిప్ పోయిన వెంటనే మోటారు తిరుగుతుంది. జామ్ తీస్తున్నవాడి చెయ్యి రోలర్ మధ్యలో ఉండొచ్చు. అందుకే కాగితం మీద "స్విచ్ ఆఫ్" ఎప్పుడూ మొదటి మాట కావాలి. ఓసీ ట్రిప్ అయితే ఇంకో భయం కూడా: మోటారు కేబుల్ షార్ట్ అయి ఉంటే ప్రతి రీసెట్‌కీ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకి దెబ్బ. మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూసేది డ్రైవ్ నుంచి యూ, వీ, డబ్ల్యూ విప్పాకే. విప్పేముందు సప్లై ఆపి పది నిమిషాలు ఆగి, డీసీ బస్ మీద మీటర్ పెట్టి చూసుకోవాలి.

#37 పీణ్య_ప్యానెల్

మూడిట్లోనూ 3లో 50, 9లో 7.4 పెట్టాం, ఫ్యాన్ మోటార్ల నేమ్‌ప్లేట్ కూడా అదే. ఫ్యాన్లకి 8లో 30, కన్వేయర్‌కి 7లో 10, 0లో 4. కన్వేయర్ పూర్తి లోడ్‌తో 50 హెర్ట్జ్ దగ్గర, సెట్ బటన్ నొక్కి చూస్తే 6.1 ఆంప్స్. ముందు 7.9 చూపించేది. ఫ్యాన్లు ఆపినప్పుడు చిన్న ఓ ఓఎల్ ఒక్కసారి మెరిసింది, ట్రిప్ లేదు.

రిలే గారి కాగితం పెద్ద అక్షరాల్లో కొట్టించాను. కన్నడలో కూడా ఒకటి చేయిస్తున్నాం, ఇద్దరు తుమకూరు కుర్రాళ్లున్నారు.

#38 రాజాజీనగర్_రిలే

చిన్న ఓ ఇంకా మెరుస్తోందంటే 8ని 40 చేయండి.

#39 పీణ్య_ప్యానెల్

40 పెట్టాం. మెరవడం లేదు.